కూత కంబం కింద స్నానాల బండ

మా ఆయన ఉద్యోగం ఏమిటో పెళ్లికి ముందు మా వైపు వాళ్లెవరికీ సరిగ్గా తెలియదు. కోయిలకుంట్లలో మా నాయన అందరికీ అబ్బాయికి రేడియోలో పని అని చెప్పుకున్నాడు. ఆ ఒక్క ముక్కతో మా వీధి వీధంతా నాకు కాబోయే మొగుడు రేడియోలో పాటలు పాడతాడని తేల్చేసింది. పెళ్లిపందిట్లో ఒక పెద్దాయన పాట వింటే గానీ తాంబూలం తీసుకోనని మొండికేశాడు. మా ఆయన గొంతు సంగతి నాకు తర్వాత తెలిసింది, నూనె లేని గిలక అంతకన్నా నయం. ఆయన తల వంచుకుని కూర్చుంటే, పెద్ద పాటగాళ్లు ఇట్లాగే బతిమాలించుకుంటారని మా మేనత్త ఆయన్ను వెనకేసుకొచ్చింది.

కాపురానికి వచ్చాక అసలు విషయం బయటపడింది. పాడేది ఆయన కాదు, ఒక ఇనుప కంబం.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. గుడారాల్లో సర్కారు కచేరీలు నడుస్తున్నాయని, పెద్ద పెద్ద అధికారులు కాగితాల మీది దుమ్ము దులుపుకుంటూ సంతకాలు పెడుతున్నారని చెప్పుకునేవాళ్లు. మద్రాసు వైపు నుంచి చిన్న విమానాలు తిరగడం మొదలైంది. దారిలో గాలివానో దుమ్మో అడ్డమొస్తే దిగి ఆగడానికి కడప నుంచి కర్నూలు పోయే దారి పక్కన ఒక మైదానం ఉండేది. యుద్ధం నాడు ఎవరో చదును చేసి వదిలేశారట. దాని చివర ఒక రేకుల గది, కరెంటు తీసే ఇంజను షెడ్డు, రెండు చిన్న ఇళ్లు, వాటి వెనక తాటిచెట్టుకు రెండింతల ఎత్తున ఆ కంబం. ఇప్పుడు అక్కడ కంపచెట్లు తప్ప ఏమీ లేదు. ఒక ఇంట్లో కంబాన్ని చూసుకునే మా ఆయన, నేను, మా అత్త. రెండో ఇంట్లో ఆపరేటరు సాయిబు. ఆయన కడప పట్నం మనిషి, పెద్ద వయసు, యుద్ధంలో వైర్లెస్ పని చేసి వచ్చినవాడు. ఆయన సంసారం పట్నంలోనే ఉండేది. ఇక ఒక కావలి మనిషి. అంతే మా ఊరు.

చుట్టుపక్కల పల్లెల వాళ్లు దాన్ని కూత కంబం అనేవాళ్లు. అది కూయగా విన్నవాళ్లు ఒక్కరూ లేరు, వాళ్ల చెవులకు వినబడదు కూడా. అయినా కూత కంబమే. మొదటి వారమే నేను మా ఆయన్ను పట్టుకుని కూర్చున్నాను, ఇది ఏం కూస్తుంది, ఎవరికి కూస్తుంది, వాళ్లు విని ఏం చేస్తారు అని.

ఆయన చెప్పింది ఇదీ. మన ఇళ్లలో పెట్టుకునే రేడియోలా దీనికి వార్తలూ పాటలూ లేవు. తంతి ఆఫీసులో టక్కుటక్కుమని కొట్టే సంకేతాల్లో రెండంటే రెండు అక్షరాలు. ఇంజను వేసినప్పటి నుంచి ఆపేదాకా వాటినే మళ్లీ మళ్లీ కూస్తూ ఉంటుంది. పైన విమానంలో గడియారం లాంటి డబ్బా ఒకటుంటుంది, దాంట్లో ఒక ముల్లు. విమానం ఎటు తిరిగినా ఆ ముల్లు మాత్రం మన కంబం వైపే చూపిస్తుంది. పైలట్ ముల్లును పట్టుకుని వస్తాడు. కంబం నెత్తి మీదికి రాగానే ముల్లు గిర్రున వెనక్కి తిరుగుతుంది. అప్పుడు మైదానం పక్కనే ఉందని అర్థం. కంటికి నేల కనబడకపోయినా సరే, అక్కడి నుంచి లెక్క ప్రకారం ఒక చుట్టు తిరిగి దిగుతూ వస్తే మైదానం మొదట్లోకి వచ్చి చేరతాడు.

నాకు రాత్రికి రాత్రి వంద అనుమానాలు పుట్టాయి. వాన పడితే ఆ కూత తడిసి బరువెక్కుతుందా? కొండ అడ్డమొస్తే గుద్దుకుంటుందా, ఎక్కి దాటుతుందా? కొంగలకు వినబడుతుందా? మా ఆయనకు నా ప్రశ్నలంటే ఇష్టమే. తెలిసినవాటికి నేల మీద పుల్లతో గీతలు గీసి మరీ చెప్పేవాడు. తెలియనివి అడిగితే మాత్రం "ఇంజను చూసొస్తా" అని లేచేవాడు. ఆ ఇంజనుకు నా వల్ల జరిగినంత సేవ ఇంకే ఇంజనుకూ జరిగి ఉండదు.

మా అత్త నాలాగ అన్నీ అడిగే మనిషి కాదు. చిన్న వయసులోనే భర్త పోతే, ఒక్క కొడుకును పెట్టుకుని ఒకరి మాట పడకుండా బతికింది. ఆమె ఒకసారి మాత్రం అడిగింది, పైన ఉండేవాళ్లు దీన్ని నమ్ముకునే దిగుతారా అని. అవునన్నాడు కొడుకు. "అయితే నువ్వు కునుకు తీయాకు" అంది, అంతే. ఆ రోజు నుంచి ఆయన పగలు కాస్త నడుం వాల్చినా వచ్చి తట్టి లేపేది.

మొదటి ఎండాకాలం వచ్చేసరికి కంబం మొరాయించడం మొదలుపెట్టింది. రేకుల గదిలో ఒక మీటరు ఉండేది, దానికీ ఒక ముల్లు. కంబంలోకి ఎంత బలం పోతోందో అది చూపిస్తుంది. చలికాలంలో నిటారుగా నిలబడిన ముల్లు ఎండలు ముదిరేకొద్దీ పక్కకు ఒరగసాగింది. కూతలో బలం తగ్గితే పైన విమానంలో ముల్లు ఊగుతుంది. ఊగే ముల్లును నమ్ముకుని ఎవరు దిగుతారు? నిలకడ, నిలకడ అని మా ఆయన రోజంతా అదే మాట. అన్నం కలుపుకుంటూ కూడా ఆ మాటే అనేవాడు. ఉప్పు తక్కువైందని అంటే నాకు హాయిగా ఉండేది గానీ, నిలకడ తక్కువైందని అంటే ఏం వేయాలో నాకు తెలియదు కదా.

జబ్బు కంబంలో లేదట, నేలలో ఉందట. కంబం ఒక కాలైతే నేల రెండో కాలు, ఒంటికాలి మీద ఎవరూ ఎక్కువసేపు నిలబడలేరు అని చెప్పాడు. అందుకని కంబం కింద లోతుగా గుంట తవ్వి, రాగి పలక పెట్టి, బొగ్గూ ఉప్పూ వరసలుగా పోసి, చుట్టూ బండి చక్రం ఆకుల్లా రాగి తీగలు పాతారు. దాన్ని వాళ్లు ఎర్త్ అంటారు. నేల తడిగా ఉన్నంతకాలం అంతా బాగుంటుంది. మా నేల సంగతి చెప్పేదేముంది? మూరెడు తవ్వితే బండ, ఆ బండ కింద ఇంకో బండ. ఆరునెలలు వాన మొహం చూడదు.

ఇంకా ఉప్పు పోద్దామన్నాడు సాయిబు. పోశారు. మర్నాటికి చుట్టుపక్కల గొర్రెలన్నీ వచ్చి కంబం కింద నేల నాకుతున్నాయి. మా పుట్టింట్లో గొర్రెలకు ఉప్పు పెట్టడం నాకు తెలుసు గానీ, అవి ఇంత దూరం నుంచి పసిగట్టి వస్తాయని తెలియదు. గిట్టలతో గీరి ఒక తీగను తెంపేశాయి కూడా. పైలట్లను పిలవడానికి పెట్టిన కంబం ముందు గొర్రెలను పిలిచింది. నేను నవ్వితే మా ఆయన రెండు రోజులు మాట్లాడలేదు. కంప నరికి కంచె వేశారు.

చివరికి నీళ్లే దిక్కయ్యాయి. కావలి మనిషి పొద్దునా సాయంత్రం బావి నుంచి తెచ్చి గుంటలో పోసేవాడు. పోసిన కాసేపటికి మీటరు ముల్లు లేచేది. నేను తలుపు దగ్గర నిలబడి అది లేవడం చూసేదాన్ని. కడవెడు నీళ్లు నేలకు పోస్తే ఎక్కడో ఆకాశంలో ఒక ముల్లు కుదురుగా నిలబడుతుందంటే నాకు ఎన్నిసార్లు చూసినా నమ్మకం కుదిరేది కాదు, అందుకే మళ్లీ చూసేదాన్ని.

కానీ ఆ బావికి పల్లె ఆడవాళ్లు కూడా వచ్చేవాళ్లు. అడుగున బురద కలిసిన నీళ్లు. తాగడానికి లేని రోజుల్లో ఇనుప కంబానికి కడవలు కడవలు పోయడం ఎవరికి బాగుంటుంది? ఒకరోజు ఒక ముసలమ్మ మా గడప ముందు నిలబడి దులిపేసింది.

"ఉత్త నేలకు పోసే ఆ నీళ్లు మీ ఒంటికి పోసుకోండమ్మా. మీ మురికీ పోతాది, దాని దప్పికా తీరుతాది."

ఎగతాళికి అన్న మాట అది. నాకు ఒళ్లు మండింది. మా ఆయన మాత్రం అన్నం సగంలో వదిలేసి కంబం కింది గుంట దగ్గరికి పోయాడు. రెండు రోజుల తర్వాత మా ఇంటి వెనక ఉన్న స్నానాల బండ, నల్లటి కడప బండ, కంబం కిందికి కదిలింది. గుంట మీదికి వాలుగా పరిచి, చుట్టూ జొన్నసొప్ప దడి కట్టారు. ఇక మేము వాడుకునే నీళ్లు, స్నానాలవీ బట్టలవీ గిన్నెలవీ, అన్నీ ఆ గుంటలోకే. సాయిబు, కావలి మనిషి కూడా అక్కడే. బావి దగ్గర గొడవ తీరిపోయింది.

మా అత్త మొదట ససేమిరా అంది. కంబంలో కరెంటు కొట్టి చస్తే ఎవరు పూచీ అంది. కొడుకు ముందు తాను స్నానం చేసి, ఆమె ఎదురుగా తల తుడుచుకుని చూపించాడు. ఆ తర్వాత ఆమె కూడా వెళ్లింది, గొణుక్కుంటూనే. మాకు అలవాటైపోయింది. నేను కుంకుడుకాయ రుద్ది తలకు పోసుకున్న రోజు, బట్టలు ఉతికిన రోజు మీటరు ముల్లు మరీ నిక్కి నిలబడేది. "నీ జడ పుణ్యమా అని ఈ రోజు కూత మద్రాసు దాకా పోయుంటాది" అని మా ఆయన ఆటపట్టించేవాడు. పై అధికారి ఒకాయన తనిఖీకి వచ్చి, ఈ దడి ఏమిటని అడిగాడట. ఎర్త్ సంరక్షణ అని చెప్పాడు మా ఆయన. ఆ అధికారి తల పంకించి వెళ్లిపోయాడు.

ఇక్కడ ఒక సంగతి నాకు ఇప్పటికీ వింతగా ఉంటుంది. కంబానికి నీళ్లు పోయడం ఒక పనిగా ఉన్నంతకాలం, పోశారా లేదా అని రోజుకు రెండుసార్లు ఒకరినొకరు అడుక్కునేవాళ్లు. అది మా స్నానాల్లో కలిసిపోయాక, అట్లాంటి పని ఒకటి ఉందనే అందరూ మరిచిపోయారు. స్నానం మానేసే ఇల్లు ఉంటుందా అని ధీమా. మా ఆయన లాంటి జాగ్రత్తపరుడికి కూడా తోచలేదు.

మరుసటి ఎండాకాలం మద్రాసు నుంచి పరీక్ష విమానం వస్తుందని కబురొచ్చింది. మా కంబం కూత పైన ఎట్లా వినబడుతోందో, ముల్లు ఎంత కుదురుగా నిలుస్తోందో తిరిగి తిరిగి చూస్తారట. కింద పని చేసే మనిషి కూడా అందులో ఉంటే మంచిదని మా ఆయన్ను రమ్మన్నారు. రైల్లో మద్రాసు పోవాలి, మూడోరోజు ఆ విమానంలోనే మా మైదానంలో దిగాలి. ఆయన సంతోషం చూడాలి. అన్నాళ్లుగా కూయిస్తున్నాడు గానీ ఆ కూత వినే చోట ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. తాను వండిన వంట తాను తిననట్టే కదా అన్నాడు. నాకు ఈర్ష్య పుట్టింది, దాచుకోను. నాకూ ఆ ముల్లు చూడాలని ఉండింది.

ఆయన బయల్దేరిన పొద్దున నేను చీపురు తీసుకున్నాను. మా అత్త చీపురు లాక్కుంది. మనిషి ఊరికి పోయిన వెంటనే ఇల్లు ఊడవకూడదు, తలకు పోసుకోకూడదు, ఇది మా పుట్టింట్లోనూ ఉన్నదే. ఆ మనిషి పోయిన చోటికి చేరి ఉంటాడు అనుకునేదాకా ఆగుతారు, ఒక పూట. ఆమె మాత్రం ఒక పూటతో ఒప్పుకోలేదు. నేల మీద పోయేవాళ్లకు ఒక పూట సరే, గాల్లో వచ్చేవాడికి కాలు నేల మీద ఆనేదాకా ఆగాలంది. విమానాలకు ఆచారం ఏమిటో పెద్దలెవరూ చెప్పిపోలేదు కాబట్టి ఆమే పెట్టేసింది. నేను రెట్టించబోతే ఒక్క మాట అడిగింది.

"మనిషి గడప దాటినాక ఇంట్లో నీళ్లు కుమ్మరించి కడిగేది ఎప్పుడో నీకు తెలీదా?"

తెలుసు. పాడె లేచినప్పుడు. ఆమె చెప్పినట్టే బండ మీద చుక్క నీరు పడనివ్వలేదు. తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకున్నాం, గిన్నెలు బూడిదతో తుడిచి పెట్టుకున్నాం, మాసిన బట్టలు మూటగట్టాం. సాయిబుకు కూడా ఆమె స్వయంగా చెప్పి వచ్చింది. ఆయన, తల్లి మాట కాదనకూడదని, కావలి మనిషిని వెంటబెట్టుకుని పల్లె వైపు బావి గట్టున స్నానం చేసి వచ్చేవాడు. ఆ ఎండల్లో మా ఇంట్లో చెమట వాసన చెప్పనలవి కాదు.

మూడోరోజు మధ్యాహ్నం పడమటి నుంచి దుమ్ము లేచింది. అక్కడ పుట్టిపెరిగిన వాళ్లకు దాని సంగతి తెలుసు. ముందు ఆకాశం ఎర్రబడుతుంది, తర్వాత కొండలు కనబడవు, తర్వాత ఎదుటి ఇల్లు కనబడదు. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని రేకుల గదికి పోయాను, విమానం కబురేమైనా తెలిసిందేమో అని. మా అత్త నా వెనకే వచ్చింది.

సాయిబు కంబానికి కూత పంపే పెట్టె మూత తెరిచి లోపల గుడ్డతో తుడుస్తున్నాడు. పొద్దుటి నుంచీ మీటరు ముల్లు పడిపోతోందట. ఇంజనే అనుకుని ఇంజను చూశాడట, పెట్టెలో దీపాల్లాంటి గాజు వాల్వులు మార్చాడట, ఏం చేసినా లేవడం లేదు. నేను చూశాను. అంత కిందికి ఒరిగిన ముల్లును నేను ఎప్పుడూ చూడలేదు. పక్కనున్న చిన్న రేడియోలో గరగరమంటూ ఒక గొంతు ఇంగ్లీషులో ఏదో చెప్పింది. సాయిబు చెవికి ఆనించుకుని విన్నాడు. విమానం దగ్గరికి వచ్చేసిందట, కింద ఏమీ కనబడటం లేదట, ముల్లు ఊగుతోందట.

వెనక్కి మద్రాసు పోకూడదా అని అడిగాను. వెనక కూడా దుమ్మే, పెట్రోలు అంత దూరానికి చాలుతుందో లేదో అన్నాడు. తర్వాత కిటికీలోంచి బయటికి చూసి ఆగిపోయాడు. నేనూ చూశాను. దడి తలుపు గాలికి పడిపోయి ఉంది. నల్లటి బండ ఎండి తెల్లబారి, పగుళ్లిచ్చిన మట్టి అంటుకుని ఉంది. గాలికి బెదిరి ఒక తొండ దాని మీద అణిగి కూర్చుంది.

"ఎర్త్ ఎండిపోయింది బేటీ" అన్నాడు సాయిబు. "మూడు దినాలుగా దానికి నీళ్లే లేవు."

గది మూల నీళ్ల బకెట్టు ఉంది. ఆయన దాన్ని తీసుకుని గడప దాటబోయాడు. మా అత్త అడ్డం నిలబడింది.

"నా కొడుకు గాల్లో ఉండంగా వాని వెనక నీళ్లు కుమ్మరిస్తావా సాయిబూ?"

ఆయన బకెట్టు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఆమెను తోసుకుని పోయే మనిషి కాదు. నా వైపు చూశాడు. కంబానికి నేల రెండో కాలని నాకు తెలుసు. నీళ్లు పోస్తే ముల్లు లేస్తుందని ఎన్నిసార్లు నా కళ్లతో చూశాను. అయినా నా చేయి ముందుకు రాలేదు. నేను పోసిన తర్వాత ఆ విమానానికి ఏదైనా అయితే, నా చేతులతో నేనే ఆయన వెనక నీళ్లు పోసినట్టు అవుతుంది కదా అని భయం. పోయకపోతే ఏమవుతుందో అదీ తెలుసు. ఆ క్షణంలో మా అత్త మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అంతకన్నా ఎక్కువ కోపం నా మీద నాకే వచ్చింది.

సాయిబు బకెట్టు కింద పెట్టి, చెవులకు పెట్టుకునే పరికరాన్ని ఆమె చెవికి ఆనించాడు. విమానంలో వినబడేది ఈ కూతేనని చెప్పాడు. ఆమె కళ్లు మూసుకుని విన్నది. అన్నాళ్లు ఆ కంబం పక్కన కాపురం ఉండి ఆమె దాని కూత వినడం అదే మొదటిసారి.

"ఇంత సన్నంగా ఉండాదేంది?" అంది.

"నీళ్లు లేక, అమ్మా."

"వానికీ ఇంతే వినపడతాందా?"

"ఇంకా తక్కువ."

"అది వినపడకుంటే?"

సాయిబు తూర్పు కొండల వైపు చేయి చూపించాడు. ఆ వైపు దుమ్ము తప్ప ఏమీ లేదు.

ఆమె పరికరాన్ని మెల్లగా బల్ల మీద పెట్టింది. గబగబా బయటికి నడిచింది. నేను వెనక పరిగెత్తాను. దడిలోకి పోయి, తొండను అదిలించి, బండ మీద చతికిలబడి కూర్చుని, కొప్పు విప్పేసింది. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. అత్తా, నేను పోసుకుంటా, మీరు లేవండి అన్నాను.

"నువ్వు వద్దు. నువ్వు వాని పెండ్లానివి, ఈ పొద్దు నీ తల తడవగూడదు. నా మీద పడాల్సింది ఎప్పుడో పడిపాయ, ఇంగ కొత్తగా పడేదేముండాది? బిందెలు తెచ్చి పెట్టు. చెంబు మాత్రం ముట్టాకు, అది నా చేతిలోనే ఉంటాది."

ఇంట్లో తాగడానికి దాచిన నీళ్లన్నీ తెచ్చాను. ఒక్కొక్క బిందె ఆమె పక్కన పెట్టడం, మళ్లీ పరిగెత్తడం. ఆమె కట్టుకున్న చీరతోనే కూర్చుని తల మీద చెంబు తర్వాత చెంబు కుమ్మరించుకుంది. నీళ్లు జుట్టు మీంచి, వీపు మీంచి, బండ మీంచి గుంటలోకి జారి ఇంకిపోతున్నాయి. నోట్లో ఏదో అనుకుంటోంది, దేవుడి పేరో కొడుకు పేరో తెలియలేదు. దుమ్ము ఆమె తడి ముఖం మీద పడి బురదై కారుతోంది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం ఏడవలేదు. మధ్యలో తల ఎత్తి, లేచిందా అని అరిచింది. కిటికీ దగ్గర సాయిబు కొంచెం కొంచెం అని చెయ్యి ఊపాడు.

తాను పోసుకున్నాక ఇక దోషమేదైనా ఉంటే తనతోనే తీరిపోయిందట. అప్పుడు మిగిలినవాళ్లను పిలిచింది. కావలి మనిషి కావడి వేసుకుని బావికి పరిగెత్తాడు. సాయిబు తన బకెట్టు తెచ్చి గుంట అంచున వొంపి, మళ్లీ లోపలికి పోయాడు. ఎంతసేపు పోశామో నాకు తెలియదు. ఒకసారి సాయిబు కిటికీలోంచి తల బయటికి పెట్టి, "నిలబడింది" అన్నాడు. ముల్లు సంగతే. మా ముల్లా, పైన ముల్లా అని అడగబోయి, ఊరుకున్నాను. జీవితంలో నేను అడగకుండా వదిలేసిన ప్రశ్న అదొక్కటే అనుకుంటా.

ముందు చప్పుడు వినబడింది. నెత్తి మీదుగా పోయింది, కనబడలేదు. దూరమైంది. మా అత్త బండ మీంచి లేచి నిలబడి, చప్పుడు పోయిన వైపే తల తిప్పుతూ ఉంది. చప్పుడు తిరిగింది. ఈసారి బాగా కిందుగా వచ్చింది, పెద్దదైంది. ఎర్రటి దుమ్ములోంచి ముందు ఒక దీపం, తర్వాత రెక్కలు, తర్వాత చక్రాలు కనబడ్డాయి. మైదానం మొదట్లోనే నేలను తాకి, ఎగిరి, మళ్లీ తాకి, పరిగెత్తి పరిగెత్తి ఆగింది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

మా ఆయన విమానం దిగి నడిచి రాలేదు, పరిగెత్తి వచ్చాడు. దూరం నుంచే రెండు చేతులూ ఊపుతూ చెప్పుకొస్తున్నాడు. మొదట ముల్లు కల్లు తాగినట్టు ఊగిందట, పైలట్ ఇక లాభం లేదన్నాడట, అంతలో ఎవరో పట్టుకుని నిలబెట్టినట్టు నిలబడిందట, కూత గంట కొట్టినట్టు వినబడిందట, ఏం చేశారు సాయిబూ, ఏం మార్చారు అని. ఆ ముఖంలో వెలుగు చూసి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. నేను ఏదో చెప్పబోయాను.

అప్పుడు ఆయన దడి పక్కన నిలబడిన తల్లిని చూశాడు. విరబోసుకున్న జుట్టు, ఒంటికి అంటుకున్న తడి చీర, కాళ్ల కింద మడుగు. ఆయన మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆచారాలంటే నవ్వే మనిషి, అమ్మ చాదస్తం అని రోజూ ఎగతాళి చేసే మనిషి. తల్లి తలను, నన్ను, మా ఇంటి గడపను వరసగా చూశాడు.

"ఎవరమ్మా పోయింది?" అన్నాడు.

మా అత్త దగ్గరికి వచ్చి, తడి కొంగుతో ఆయన ముఖం మీది దుమ్ము తుడిచింది.

"ఎవరూ పోలేదప్పా. నువ్వు వచ్చినావు" అంది.